కల్పిత కష్టం

తడి తువ్వాలు మంచం మీదే ఉంది. దానికి తోడుగా ఇంకో తడి తువ్వాలు. ఒకటి కంటి డాక్టరుగారిది, రెండోది ఆయనగారి పుత్రరత్నానిది. ఊళ్ళో అందరికీ చూపు తెప్పించే ఆ డాక్టరుకి, ఇంట్లో బట్టలారేసే తీగ ఎక్కడుందో ఇంతవరకూ కనిపించలేదు. ఆవిడ రెండు తువ్వాళ్ళూ తీసింది. పరుపు మీద తడి మచ్చ అలాగే ఉంది. పక్క దులిపి, దుప్పటి మార్చింది.

పెళ్ళయిన కొత్తలో అత్తగారు నలుగురిలో ఆవిణ్ణి "పనిమంతురాలు" అని మెచ్చుకునేది. కొన్నాళ్ళకి "మంతురాలు" ఊడిపోయింది, పని మిగిలింది. "సర్దుకుపోవాలమ్మా" అంటే సర్దుకుపోయింది. ఆ తర్వాత "సర్దమ్మా" అన్నారు, ఇప్పటికీ సర్దుతూనే ఉంది. అత్తగారు కాలం చేశారు గానీ ఆమె మాట ఒకటి ఇంట్లో ఆస్తిలా మిగిలిపోయింది: "మగపిల్లలమ్మా, వాళ్ళకి ఇలాంటివి రావు." బట్టలారేసే పనులు రావు, గిన్నెలెత్తే పనులు రావు, మనిషి మాట్లాడుతుంటే తలెత్తి చూసే అలవాట్లు రావు. ఈ ఇంటి మగవాళ్ళ పేర్ల చివర ‘రావు’ ఎందుకు తగిలించారో ఆవిడకి అలా అర్థమైంది. నవ్వుకుంది కూడా. ఏదో ఒకటి రానివాళ్ళ మీద కోపం పెట్టుకోలేం కదా. కుంటివాణ్ణి పరుగెత్తమంటామా?

పొద్దున్న టిఫిన్ దగ్గర మాట కదిపింది.

"ఏమండీ, యూనివర్సిటీలో ఆ పోస్టుకి మళ్ళీ నన్నే అడుగుతున్నారు. అక్కడే ఉండి చూసుకోవాలి. మా సహాయ కేంద్రం మేడ మీద రెండు గదులిస్తారట. సాయంత్రంలోగా చెప్పమన్నారు డీన్ గారు."

"ఊ."

"కేంద్రం మొత్తం నా చేతి కిందికే వస్తుంది. ఎన్నాళ్ళ నుంచో నేను..."

"ఊ... ఏంటీ, అక్కడే ఉండటమా?" ఆయన తల ఫోనులోంచి పైకి తేలింది. "మరి ఇక్కడో? రానని చెప్పెయ్. ఇంట్లో వెయ్యి పనులుంటే!"

ఇంట్లో వెయ్యి పనులున్నాయన్న సంగతి ఆయనకి తెలుసునని ఆవిడకి అప్పుడే తెలిసింది. అబ్బాయి వైపు చూసింది. ఆరడుగుల ఆ పిల్లవాడి ముద్దుపేరు చంటి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, కళ్ళల్లో నిద్ర, నోట్లో ముద్ద. అమ్మ ఏదో అడిగినట్టు ఉందని వాడికి అనుమానం వచ్చి, "బాగుందమ్మా, కొంచెం ఉప్పు తక్కువ" అన్నాడు.

సరేలే, రానని చెప్పేద్దాం అనుకుంటూ బస్సెక్కింది. చెప్పాల్సిన మాటలు దారిలోనే కూర్చుకుంది. "ఇంటి పరిస్థితులు అనుకూలంగా లేవండీ." క్రితంసారీ ఇదే వాక్యం చెప్పింది. నలగకుండా దాచుకున్న చీరలా మళ్ళీ తీసి కట్టుకోవడమే.

ఆవిడ పనిచేసే చోటు పేరు విద్యార్థి సహాయ కేంద్రం. క్లాసులో పాఠాలు, క్లాసు బయట గుణపాఠాలు. ఆ రెండో సబ్జెక్టులో తప్పినవాళ్ళంతా వచ్చేది ఇక్కడికే. ఇంటి మీద బెంగపడేవాళ్ళు, జ్వరమొస్తే ఆసుపత్రికి తోడు లేనివాళ్ళు, హాలు నిండా జనం మధ్య కూర్చుని ఒంటరిగా భోజనం చేసేవాళ్ళు, హాస్టలు గదిలో సహవాసం పేరిట కారాగారవాసం చేసేవాళ్ళు. ఆవిడ అందరి మాటా వింటుంది. పిల్లలు ఆవిడకి "చెవులక్క" అని పేరు పెట్టుకున్నారు. ఎదురుగా మాత్రం "మేడమ్" అంటారు.

కేంద్రంలో పిల్లల చేత పిల్లల మాట వినిపించే పద్ధతి ఒకటుంది. పెద్దవాళ్ళకి చెప్పుకోలేనివి తోటివాళ్ళకి చెప్పుకుంటారు కదా, అందుకని కొందరు విద్యార్థులకే వినడంలో శిక్షణ ఇస్తారు. "ఊ" కొట్టడం దగ్గర్నుంచి నేర్పాలి. ఆ "ఊ"ల్లో మూడు రకాలున్నాయని ఆవిడ పాఠం చెబుతుంది. తలుపు తీసే ఊ, తలుపు వేసే ఊ, అసలు అక్కడ తలుపుందనే తెలియని ఊ. ఆ మూడోది ఎలా ఉంటుందో అనుకరించి చూపిస్తే పిల్లలు పడీపడీ నవ్వుతారు. అది ఎవరి దగ్గర నేర్చుకుందో వాళ్ళకి చెప్పదు.

శిక్షణలో చివరిది జంట సాధన. అద్దాల గదిలో రెండు కుర్చీలు, ఎదురెదురుగా కాకుండా కాస్త వాలుగా. ఒకరు కష్టం చెప్పుకోవాలి, ఇంకొకరు వినాలి. కష్టం మాత్రం కల్పించుకున్నదే అయ్యుండాలి. ఇది ఆవిడే పెట్టిన నియమం. ఒకసారి ఓ పిల్ల నిజం కష్టం తెచ్చుకుని భోరుమంటే, వినాల్సిన కుర్రాడు నీళ్ళు తెస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదు.

ఈ విడతలో చేరినవాళ్ళలో, అదే యూనివర్సిటీలో చదువుతున్న చంటి కూడా ఉన్నాడు. ఉద్యోగానికి వెళ్ళినప్పుడు సర్టిఫికెట్ పనికొస్తుందని స్నేహితుడెవరో చెప్పాడట. ఇయర్‌ఫోన్ల వీరుడు శ్రోత అవుతాడట అని ఆవిడ లోపల్లోపలే నవ్వుకుని, కొడుకు శిక్షణంతా చిన్న మేడమ్‌కి అప్పగించేసింది. చిన్న మేడమ్ అంటే ఆవిడ సహాయకురాలు. ఇవాళ చంటి వంతు. కష్టం చెప్పుకోవాల్సిన అమ్మాయికేమో జ్వరం.

"మీరే కూర్చోండి మేడమ్" అంది చిన్న మేడమ్. "నేను బయట నుంచి మార్కులు వేయాలి కదా."

"మేం తల్లీకొడుకులమమ్మా!"

"కష్టమే కల్పితం అయినప్పుడు, మనిషిని కల్పించుకోలేరా? ఆ గదిలో మీరెవరో, ఆ అబ్బాయెవరో!"

ఆవిడ వెళ్ళి కూర్చుంది. పరీక్ష తప్పిన అమ్మాయి కథ చెప్పేద్దామనుకుంది. అది సిద్ధంగానే ఉంటుంది.

చంటి వచ్చాడు. చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీశాడు. ఫోను ఆఫ్ చేసి సంచిలో పెట్టాడు. ఆ ఫోను ఆఫ్ కూడా అవుతుందని ఆవిడకి తెలియదు. కుర్చీ కొంచెం వాలుగా జరుపుకుని, మరీ దగ్గరా మరీ దూరమూ కాకుండా కూర్చున్నాడు.

"ఇక్కడ మీరు చెప్పింది ఈ గది దాటదండీ" అన్నాడు. "ఎక్కణ్ణుంచైనా మొదలుపెట్టండి. మాట్లాడాలనిపించకపోతే ఊరికే కూర్చుందాం."

ఆ గొంతు ఎవరిది? ఆ మెత్తదనం ఇన్నాళ్ళూ ఏ పెట్టెలో దాగుంది? పరీక్ష తప్పిన అమ్మాయి కోసం వెతికితే ఆ అమ్మాయి కనిపించలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"మేం ఒక గదిలో ముగ్గురం ఉంటాం" అంది. "మిగతా ఇద్దరూ తడి తువ్వాళ్ళు మంచం మీద పడేస్తారు. నేనే ఆరేస్తాను."

"ఊ."

తలుపు తీసే ఊ. అచ్చంగా, స్వచ్ఛంగా. తను పాఠంలో చెప్పినదాని కంటే బాగుంది.

"వంట నాదే. గిన్నెలు నావే. వాళ్ళకి జ్వరమొస్తే రాత్రంతా నేను కూర్చుంటాను. నాకు జ్వరమొస్తే బయటి నుంచి ఏం తెప్పించాలో నన్నే అడుగుతారు."

"అలా అడిగినప్పుడు మీకెలా అనిపిస్తుంది?"

ఎలా అనిపిస్తుంది? ఈ ప్రశ్న వేల మందిని అడిగింది. తనని ఎవరూ అడగలేదు గనక జవాబు తన దగ్గర లేదు.

"ఈ మధ్య మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయాను. కాసేపు అక్కడే కూర్చుండిపోయాను. రాత్రి భోజనాల దగ్గర ఇద్దరికీ చెప్పాను. ఒకరు ఊ అన్నారు. ఇంకొకరు ఉప్పు ఇటివ్వమన్నారు."

చంటి ముఖంలో రంగు మారింది. ముందుకి వంగాడు.

"పడిపోయానని చెబితే... ఉప్పు అడిగారా?"

"అడిగారు."

"ఇచ్చారా మీరు?"

"ఇచ్చాను."

వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నిజంగా తిరిగాయి. ఆవిడ నిర్ఘాంతపోయింది. ఆ ఉప్పు అడిగింది వాడే. ఆ గాజుసీసా ఆవిడ వాడి చేతికే అందించింది. మెట్లు, పడిపోవడం, ఉప్పు అన్నీ ఆ రాత్రి ఉన్నవి ఉన్నట్టే చెప్పింది, ఒక్క ముక్కా మార్చలేదు. అయినా వాడికి అనుమానమైనా తగల్లేదు. ఇదేమిటి, వీడికింత మరుపా అనుకుంది ఒక్క క్షణం. కాదు, మరుపు కాదు. గుర్తుపట్టాలంటే ముందు విని ఉండాలి కదా.

"నేనొకటి అడగనా అండీ?" అన్నాడు నెమ్మదిగా. "మీరు ఆ గది వదిలేస్తే ఏమవుతుంది?"

ఆవిడ ఇన్నేళ్ళూ వాళ్ళకి రాదనుకుంది. రాదని అత్తగారు చెప్పింది, రాదని తనూ నమ్మింది, రాదు గనక కోపం తెచ్చుకోకూడదని ఆ కోపాన్ని కూడా ఉతికి, ఆరేసి, మడిచి పెట్టింది. ఇదిగో, వచ్చు. ఇంత బాగా వచ్చు. తలెత్తి చూడటం వచ్చు, ఆగడం వచ్చు, ఎదుటి మనిషి నొప్పికి కళ్ళు తడుపుకోవడం వచ్చు. అపరిచితురాలైతే చాలు. ఆ మధ్య మార్కెట్లో ఓ ముసలామె ఆవిడ చెయ్యి పట్టుకుని, "మీ ఆయన ఎంత ఓపిగ్గా వింటారమ్మా, నా కంటి సంగతి చెబుతుంటే నా మనవరాలి సంగతి కూడా విన్నారు, పెట్టి పుట్టావు" అంది. మర్యాద కోసం అంటుందనుకుని నవ్వేసింది. మర్యాద కాదు, అది నిజమే. ఆయనకీ వచ్చు. ఇద్దరికీ వచ్చు. బయట అందరికీ పంచి, ఖాళీ పాత్రలతో ఇంటికొచ్చి, ఆ పాత్రలు తోమమని తనకిచ్చారు. కుంటివాణ్ణి పరుగెత్తమనలేం. కానీ ఊరంతా పరుగెత్తి, గుమ్మంలోకి రాగానే కుంటుతున్నవాణ్ణి ఏమనాలి?

చిన్న మేడమ్ తలుపు తోసుకుని వచ్చింది. "అద్భుతం! ఈ విడతలో ఎక్కువ మార్కులు ఇతనికే మేడమ్. మీ పెంపకం!"

చిన్న మేడమ్ తర్వాతి జంటని పిలవడానికి వెళ్ళింది.

చంటి ఒళ్ళు విరుచుకున్నాడు. విరుచుకోగానే ఆ అబ్బాయి మాయమై మళ్ళీ చంటి వచ్చేశాడు.

"అమ్మా, భలే కల్పించావు! ఉప్పు ఐడియా అయితే కేక. అసలు అలాంటి మనుషులుంటారంటావా? పశువులు కాకపోతే!" సంచిలోంచి ఫోను తీసి, ఆన్ చేసి, తెర వెలుగులో తల దించుకున్నాడు. "ఇంతకీ రాత్రికేం వండుతున్నావ్?"

ఆవిడ బస్సులో కూర్చుకున్న వాక్యం ఏమైందో వెతుక్కుంది. ఇంటి పరిస్థితులు... తర్వాత ఏదో ఉండాలి. గుర్తు రాలేదు. లేచి, గోడ దగ్గరున్న ఫోను అందుకుంది.

"డీన్ గారూ, నేనండీ. ఆ పై గదుల తాళాలు ఇవాళే ఇప్పిస్తారా? ... అవునండీ, నేనే. ... లేదండీ, ఇంట్లో ఎవరినీ అడగక్కర్లేదు. వాళ్ళకి సాయంత్రం చెప్పేస్తాను."

చంటి తలెత్తాడు. ఇయర్‌ఫోను ఒకటి చెవి దాకా వెళ్ళి అక్కడే ఆగింది.

"ఏం గదులమ్మా? ఎవరికి?"

"ఇందాక నువ్వో ప్రశ్న అడిగావు. మేం నేర్పింది కాదది, నీ సొంతం. మంచి ప్రశ్న రా." ఆవిడ సంచి భుజాన వేసుకుంది. "నీకు కష్టం చెప్పుకున్న అమ్మాయి గది మారింది."

వాడు నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. ముఖం మీద ఏదో నెమ్మదిగా, మెట్టు మెట్టుగా దిగుతోంది.

"అమ్మా... ఆ రాత్రి... ఆ ఉప్పు అడిగింది..."

మాటలు రాని రోజుల నుంచీ వాడి వాక్యాలన్నీ ఆవిడే పూర్తి చేస్తూ వచ్చింది. ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం వాడికే వదిలేసి, తలుపు దాటింది.