రెండో సీసా

నంద్యాల బస్టాండు దగ్గరి అత్తరు కొట్టాయన, లూదియా పరీక్షకని తెచ్చిన సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కాసేపు కళ్ళు తెరవలేదు.

"అసలైన ఊద్ అత్తరు ఇది. ఒక్క చుక్క పూసుకోమ్మా, మీ ఆయన వాకిలి దాటితే నన్నడుగు."

లూదియా సిగ్గుపడింది. నలభై మూడేళ్ళ మనిషి సిగ్గుపడకూడదని ఎవరు రాశారు? కువైట్‌లో ఐదేళ్ళు ఇంటిపని చేసి, వచ్చి నెలైంది. ఈ నెలలో మొగుడు శాంతయ్య ఆమె వేలైనా ముట్టుకోలేదు. రెండేళ్ళ కిందట ఒక్కగానొక్క కూతురు జెస్సీ డెంగీతో పోయినప్పటి నుంచి ఆ మనిషి నోరు విప్పి మాట్లాడటమే మానేశాడు. మంచం ఇద్దరిదీ ఒకటే గానీ మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఖాళీ. ఆ ఖాళీ ఈ సీసాతో పూడుతుందని ఆమెకు కొండంత ఆశ.

ఊరికే పుట్టిన ఆశ కాదది. భర్త ప్రయాణం నుంచి వచ్చే రోజున కువైట్ మేడమ్ నిప్పుల మీద ఊద్ చెక్క వేయించి, ఆ పొగను లూదియా చేత జుట్టుకు పట్టించుకునేది. తర్వాత చెవుల వెనక, గొంతు గుంటలో, మణికట్టు మీద నూనె చుక్కలు. తేనె, పాత కర్ర, చెమట పట్టిన ఒళ్ళు కలిసినట్టుండే వాసన. గడపలో ఆయన అడుగు తడబడటం లూదియా ఎన్నోసార్లు చూసింది. తువ్వాళ్ళు మడతపెడుతూ, నేనూ ఒకనాటికి పూసుకుంటాననుకునేది. జెస్సీ పెళ్ళికని ఒక సీసా కొని, అక్కడే పనిచేసే అవుకు ఊరామె ఇంటికొస్తుంటే ఆమె చేత పంపింది కూడా. బిడ్డే పోయాక ఆ సీసా ఏమైందని అడగలేకపోయింది. ఇది రెండోది, వచ్చేటప్పుడు మేడమ్ ఇచ్చింది.

శాంతయ్యది ఆళ్లగడ్డలో శవపెట్టెల పని. మనిషిని పెట్టెలో పడుకోబెట్టాక అత్తరు పూయడం కూడా ఆయన చేతి మీదుగానే జరగాలని చర్చివాళ్ళందరికీ పట్టింపు. అటువంటి మనిషి పెళ్ళాం అత్తరు పూసుకోవడమేమిటని మీరడగొచ్చు. ఆ చవక అత్తరుకూ ఈ ఊద్‌కూ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా అని ఆమె నమ్మకం.

ఆదివారం ఆరాధన అయి ఇంటికొచ్చాక, మేడమ్ పూసుకున్నట్టే పూసుకుని సీసా కొంగున ముడేసుకుంది.

శాంతయ్య లోపలికొచ్చి ఆగిపోయాడు. మెల్లగా దగ్గరికొచ్చాడు. భుజం మీద చేయి వేసి, ఆమె మెడ దగ్గర తల వంచి గట్టిగా ఊపిరి పీల్చాడు. లూదియా కళ్ళు మూసుకుంది. దేవా, నీకు స్తోత్రం అనుకుంది. అంతలో మెడ తడిసింది. ఆయన ఏడుస్తున్నాడు.

"కడుక్కో లూదీ. బేగా కడుక్కో."

"ఏమైంది జెస్సీ నాయనా?"

"యాడిది ఇది?"

"మేడమ్ ఇచ్చింది. మునుపు నేను పంపితి గదా, అట్లాంటిదే."

"అదే బిడ్డకు పోసినా." శాంతయ్య గోడకానుకున్నాడు. "ఊరందరికీ పూసేది నా బిడ్డకు పూసేకి చేతులు రాలే. అమ్మ పంపింది ఉంది గదా అని సీసా అంతా పోసినా, తల నుంచి పాదాల దాకా. వారం దినాలు నా చేతులు ఇదే వాసన. అన్నం తినలేకపోయినా."

ఆ రోజు కువైట్ ఇంటివాళ్ళు పాస్‌పోర్టు చేతికియ్యక, లూదియా బిడ్డ భూస్థాపన ఫోన్‌లోనే చూసింది. ఆయన సీసా వంచడమూ చూసింది. ఫోన్‌లో వాసన రాదు కదా, ఎప్పుడూ పూసే చవక అత్తరే అనుకుంది.

బాత్రూమ్‌లోకి పోయి సబ్బుతో ఒళ్ళు ఎర్రబడేలా రుద్దుకుంది. ఊద్ నీళ్ళకు పోయేది కాదు. పోయిందో లేదోనని మణికట్టు ముక్కు దగ్గర పెట్టుకుంది. చేయి అక్కడే ఆగిపోయింది. ఆఖరి రోజున బిడ్డ నుదురు ఇదే వాసన వేసి ఉంటుంది. అందరూ ముద్దు పెట్టుకున్నారు, కన్నతల్లి తప్ప. మణికట్టును పెదాలకు అదుముకొని గచ్చు మీద కూలబడి, బయటికి వినపడకుండా ఏడ్చింది.

"కడుక్కుంటివా లూదీ?" తలుపవతల శాంతయ్య గొంతు. "కడుక్కొని రా. ఇద్దరం కూసొని అన్నం తిందాం."

ఈ నెలలో ఆయన నోట ఇద్దరం అన్న మాట రావడం అదే మొదలు. దానికోసమే కదా ఇంత చేసింది. లూదియా చేతిలోని సబ్బు వైపు చూసింది. ఇంకా రుద్దితే బిడ్డ వాసనా పోతుంది.

"నువ్వు తినుపో," అంది.

ఆయన అడుగులు పెట్టెల కొట్టం వైపు పోవడం వినిపించింది. లూదియా సబ్బు పక్కన పెట్టి, కొంగుముడిలోని సీసా తీసి, ఇంకెంత మిగిలిందోనని కిటికీ వెలుతురుకు ఎత్తి చూసుకుంది.