తడి ఆరకముందు నడిచిన దారి

పత్తి చేలు ఇంకా నిద్రలోంచి పూర్తిగా లేవని వేళకే ఆమె నడక మొదలయ్యేది. అందరూ ఆమెను ఆకు డాక్టరమ్మ అనేవారు. చదువూ లేదు, మందుల సంచీ లేదు. ఆకును వేళ్ల మధ్య తిప్పి చూసి, మొక్క ఒంట్లో ఏముందో చెప్పేది. మంచుకు తడిసిన ఆకు నిజం చెబుతుందనీ, ఎండెక్కితే మొండికేస్తుందనీ ఆమె నమ్మకం. అందుకే తడి ఆరకముందే చేను తర్వాత చేను చుట్టేసేది.

ఆఖరిది చెల్లెలి చేను. భర్త పోయాక చెల్లెలు ఒంటిచేత్తో వేసిన తొలి పంట. అది దక్కకపోతే వచ్చే ఏడు ఆ కౌలు నేల ఇంకొకరిది. అక్కడ చేలో ఒక బల్లపరుపు రాయి ఉంది. దాని మీద కూర్చుని డాక్టరమ్మ ఆకుల్ని కాదు, చెల్లెలి ముఖాన్ని చూసేది. చేను ఎలా ఉందని అడిగితే, బాగుందని చెల్లెలు చెప్పేది.

ఆ ఏడు వాగు పక్క చేలో ఆకుల అడుగున తెల్లటి పొడి కనిపించింది. కాయల్లో విచ్చుకోవాల్సిన పత్తి తొందరపడి ఆకుల్లోనే విచ్చుకున్నట్టుంది. ఆమె కాసేపు ముచ్చటపడి చూసింది. అలా ముచ్చటపడ్డ సంగతి తర్వాత ఎవరితోనూ అనలేదు. బూడిద తెగులని తేల్చి, మిగతా చేలల్లోనూ ఉందేమోనని అదే పూట అన్నీ తిరిగి వచ్చింది.

పది రోజులకు చాలా చేలల్లో తెలుపు కనిపించింది. పురుగుమందులమ్మే ఆయన వాగు పక్క చేను గట్టు మీద నిలబడి తల గోక్కున్నాడు.

"డాక్టరమ్మా, గాలికొస్తే చేనంతా కమ్ముకోవాలి కదా. ఇదేంటి, దారి పట్టుకుని నడిచినట్టు పోతోంది?"

ఆమె చూసింది. ఆ తెలుపు సాలు వెంట సాగి, ముళ్లపొద దగ్గర పక్కకు తిరిగి, మళ్లీ సాల్లోకి వచ్చింది. రోజూ ఆమె తిరిగే మలుపే అది. తడి వేళ్లకూ బట్టల అంచుకూ అంటుకుని తెగులు ఆమెతోనే తిరిగింది. కంచే చేను మేసింది. ఆమె సిగ్గుతో చచ్చిపోయింది.

మర్నాడు పొద్దున్నే చెల్లెలి చేను గట్టు మీదే ఆగిపోయింది. పొగమంచులో మొక్కల పైన చెల్లెలి తల ఒక్కటే కనిపిస్తోంది.

"రా అక్కా, అక్కడే ఆగిపోయావేం?"

"నేను రాను. తెగుల్ని అన్ని చేలల్లోకీ తిప్పింది నేనేనే. ఒక ఆకు తిప్పి చూసి చెప్పు, తెల్లగా ఉందా?"

చెల్లెలు ఆకు తిప్పలేదు.

"రాయి దగ్గరుంది. నాలుగు రోజులైంది."

"మరి రోజూ అడుగుతున్నా బాగుందన్నావు కదే. చేతులు కాలాక ఆకులు పట్టుకుందామనా?"

"నువ్వు కూర్చునే వైపే మొదలైంది. చెబితే నువ్వు రావడం మానేస్తావు. పొద్దున లేచాక నాతో మాట్లాడేది నువ్వొక్కదానివే."

డాక్టరమ్మకు కోపం వచ్చింది గానీ నిలవలేదు. గట్టు మీద చతికిలబడి ఏడ్చింది. మంచు ఆరేదాకా, ఒకరు గట్టు మీదా ఒకరు చేలో ఉండి, అవీ ఇవీ మాట్లాడుకున్నారు.

ఎండెక్కాక చేతులూ కాళ్లూ కడుక్కుని లోపలికి దిగింది. ఇద్దరూ తెల్లబడ్డ ఆకులన్నీ గోనెసంచీలోకి తుంచి తగలబెట్టారు. మిగతా మొక్కల మీద గంధకం పొడి చల్లారు. పంట ఎంత దక్కుతుందో అప్పుడే ఎవరూ చెప్పలేరు.

ఇంటికెళ్లే ముందు ఆ రాయిని ఇద్దరూ కలిసి దొర్లించుకుంటూ గట్టు మీదికి తెచ్చారు.