ప్రత్యక్ష ప్రసారంలో కంచు గంట

నేను ఒక కంచు గంటను. ఆ ఆదివారం సాయంత్రం అంతర్జాలంలో జరిగిన అష్టావధానానికి హాజరైనవారిని వరుస తప్పకుండా చెప్పడం నా విధి. ముందుగా సభాధ్యక్షులు ఉపద్రష్ట జగ్గారావు గారు, పిమ్మట కార్యదర్శి పొన్నాడ భ్రమరాంబ గారు, అవధాని కుమారి పసుమర్తి హైమవతి, ప్రశ్నలడిగే పృచ్ఛకులు, తమ తమ ఇళ్లలో ఫోన్ల ముందు ప్రేక్షకులు. అందరి చివరా, పృచ్ఛకులలో ఒకరైన లంక కామేశం గారి చేతిలో నేను.

కంచు సామాన్లకు పేరుపడ్డ బుడితి ఊళ్లో పోతపోసుకున్న నేను మొదట ఒక ప్రధానోపాధ్యాయుల బల్లమీద కూర్చుని బంట్రోతులను పిలిచాను. తరువాత ఒక ప్లీడరు గారింట కాఫీకోసం మోగాను. ఆయన తన పుస్తకాలతోపాటు నన్నూ ఈ అవధానం జరిపిన సాహిత్య సభకు దానమిచ్చాక గాని నా కంచుకు తగిన ఉద్యోగం దొరకలేదు. అవధాని పద్యాలల్లుతుండగా మధ్యమధ్య నన్ను కొడతారు. ఎన్నిసార్లు కొట్టారో చివర అవధాని చెప్పాలి. హైమవతికి ఇది తొలి అవధానం. నెగ్గితే సభవారి వార్షికోత్సవ వేదిక ఆమెది. లెక్క తప్పితే లేదు.

ప్రసారంలో ఎవరికి ఏ అధికారం ఇవ్వాలో నిర్ణయించినవారు భ్రమరాంబ గారు. ఒకరిని హోస్టుగా చేసి మరొకరిని వదిలితే పెద్దలు చిన్నబుచ్చుకుంటారని, ఆవిడ పెద్దలందరినీ హోస్టులనే చేశారు. ఎవరైనా ఎవరి గొంతైనా నొక్కేయగల అధికారమది!

సమస్యాపూరణం మొదలైంది. కామేశం గారు నన్ను కొట్టారు.

“ఎవరింట్లోనండీ ఆ హారతి? ఇక్కడ అవధానం అవుతూంటే!” అని జగ్గారావు గారు గద్దించి, కామేశం గారిని మ్యూట్ చేశారు. నేను మోగుతూనే ఉన్నాను. నా నాదం ఆ గది దాటలేదు. కామేశం గారు నన్ను పైకెత్తి ఆడించారు. అధ్యక్షులు అది నమస్కారమనుకొని ప్రతినమస్కారం చేశారు.

హైమవతి ఆగింది. “గంట వినపడటం లేదండీ. వినపడని దానికి లెక్కెలా చెప్పను?”

“తప్పు నాదేనమ్మా. మళ్లీ మొదటినుంచి పెడదాం” అన్నారు భ్రమరాంబ గారు. “గంటకు గొంతు తెరిచే ఉంటుంది. పృచ్ఛకులు తమ వంతుకే మాట్లాడాలి. మిగతావారు చూడటమే. ఆపే అధికారం నా ఒక్కదానికే. ఏవండీ, హోస్టు పదవినుంచి ఎవరు దిగుతారు ముందు?”

ఒక్కరూ కదలలేదు. “పిలిస్తేగాని నోరు విప్పకూడదుటమ్మా నేను? మా వియ్యంకులు చూస్తున్నారు!” అన్నారు ఒక పృచ్ఛకులు.

జగ్గారావు గారి ముందు అధ్యక్షోపన్యాసం దొంతరగా ఉంది. ప్రేక్షకుడైతే అది చదివే వీలుండదు. ఆయన ఆ కాగితాలను ఒక్క క్షణం చూసి, బోర్లించారు.

“హారతన్నది నేనేగా! ముందు నన్ను దించు, భ్రమరాంబా. గొంతు కూడా తీసెయ్.”

అధ్యక్షులే దిగాక తక్కినవారూ ఒక్కొక్కరే దిగారు.

అప్పుడు మోగాను! గట్టిగా, మెల్లగా, జంటగా, ఆమెను తికమక పెట్టేందుకు కామేశం గారు ఎన్ని పోకళ్లు పోవాలో అన్నీ పోయారు. ప్రతి దెబ్బా ఊరూరా ఖంగుమంది. హైమవతి పద్యాలన్నీ తిరిగి అప్పజెప్పి, తడుముకోకుండా లెక్క చెప్పింది.

“సరిగ్గా అంతే! ఒక్కటీ పొల్లుపోలేదు!” అని కామేశం గారు కుర్చీలోంచి లేచారు.

“వార్షికోత్సవానికి నువ్వేనమ్మా!” అన్నారు భ్రమరాంబ గారు.

తెరనిండా చప్పట్ల బొమ్మలు పొంగాయి. అన్నిటికన్నా ఆలస్యంగా ఆగినవి, గొంతులేని జగ్గారావు గారివి.

చదవని ఉపన్యాసంతో ఆ సభకు వన్నె తెచ్చి, తన గొంతు వదులుకొని ఒక కంచు గంటకు గొంతునిచ్చిన శ్రీ ఉపద్రష్ట జగ్గారావు గారి ఔదార్యాన్ని ఇందుమూలంగా కృతజ్ఞతాపూర్వకంగా ప్రకటిస్తున్నాను.