నారింజ వైపు, ఊదా వైపు

మా తమ్ముడు కొరియర్ ఆఫీసు ఉద్యోగం మానేసి స్నూకర్ లీగు పెడతానని చెప్పినప్పుడు నేను షాపులో చొక్కా కాలరు కుడుతున్నాను. సూది వేలికి గుచ్చుకుంది. తప్పు వాడిదేనని ఇప్పటికీ అంటాను.

ఎనిమిది జట్లన్నాడు. జట్టుకొక రంగు, ఆటగాళ్లందరికీ చేతుల్లేని కోట్లు, కుట్టేది అక్క. తోడబుట్టినవాడు కదా అని ఒప్పుకుని చచ్చాను. నిలబెట్టి కొలతలు తీస్తే, మొదటి మ్యాచ్‌లోనే ఒకాయన బల్ల మీదికి వంగగానే వీపు కుట్టు పర్రున పిగిలింది. అప్పటినుంచి ఒక్కొక్కరినీ నా కటింగ్ బల్ల మీద వంచి, చేతికి కర్ర ఇచ్చి మరీ కొలిచాను. బ్లౌజులకని వచ్చిన ఆడవాళ్లు అది చూసి ఒకటే నవ్వడం.

తర్వాత కోట్లు నిలిచాయి గానీ జట్లు నిలవలేదు. ఆడేవాళ్లందరికీ ఉద్యోగాలున్నాయి, సెలవు దొరికితేనే ఆట. ఒక జట్టు మూతపడితే అందులో మనిషి ఇంకో జట్టులోకి వెళ్లేవాడు. లెక్కల మాస్టారైతే మూడు నెలల్లో నాలుగు జట్లు మారారు. మాటిమాటికీ కొత్త కోటు కుట్టలేక, ఒళ్లు మండి, ఆయనకు రెండువైపులా వేసుకునే కోటు కుట్టి పడేశాను. ఒకవైపు నారింజ, తిప్పితే ఊదా.

ఇక చూసేవాళ్ల సంగతి అడక్కండి. హాల్లో ఎవరైనా దగ్గితే రిఫరీ ఉరిమి చూసేవాడు. ఏ బంతిని ఎందుకు కొట్టారో చెప్పే నాథుడు లేడు. వచ్చినవాళ్లు అరగంట కూర్చుని, చెప్పులు చప్పుడు కాకుండా జారుకునేవారు. మా అమ్మ రెండుసార్లు వచ్చి రెండుసార్లూ నిద్రపోయింది.

చివరికి నారింజ, ఊదా జట్లే మిగిలాయి. ఆదివారం మధ్యాహ్నం ఫైనల్, జట్టుకొక్కరే ఆడాలి: ఊదాకు మాస్టారు, నారింజకు ఒక బస్సు డ్రైవరు. స్పాన్సరైన పరుపుల కంపెనీ పెద్దాయన ముందు వరుసలో కూర్చున్నాడు. ఫైనల్ సరిగ్గా జరగకపోతే ఇక తనను అడగొద్దని ముందే చెప్పేశాడు. అవతల కొరియర్ సూపర్‌వైజరు ఐదింటికి ఫోన్ చేస్తానన్నాడు. తిరిగి వస్తానంటే తమ్ముడి కుర్చీ తమ్ముడిది, లేదంటే ఇంకొకరిది. వాడు మొహమాటపడతాడని, జవాబు తనే చెబుతానని అమ్మ ఆ ఫోను లాక్కుని తన ఒళ్లో పెట్టుకుంది. వస్తాడనే చెబుతుందని మా అందరికీ తెలుసు.

మూడున్నరయినా డ్రైవరు రాలేదు. డ్యూటీ పొడిగించారట.

"రిజర్వు ఆటగాడెవరూ లేరట్రా?" అని తమ్ముణ్ణి అడిగాను.

"ఉన్నాడక్కా. మాస్టారే."

"ఆయన ఊదా జట్టు కదరా."

"మనుషులు చాలక రెండింట్లోనూ ఆయన పేరే రాసేశాను."

వాడి నెత్తిన ఒక్కటి మొట్టాలనిపించింది. ఇంతలో మాస్టారు లేచి కర్రకు సుద్ద రాసుకున్నారు. "పర్లేదమ్మా, నాతో నేనే ఆడతాను. ఎవరి పక్షమూ వహించను," అన్నారు నిమ్మళంగా.

అలా మొదలైంది. ఒక దెబ్బ తప్పగానే మాస్టారు కోటు విప్పి, తిప్పి, తొడుక్కుని, బల్లకు అవతలి వైపు వెళ్లేవారు. మామూలుగా ఆటగాడు తన ఎత్తు ఎదుటివాడికి తెలియనివ్వడు. ఇక్కడ దాచడానికి ఎదుటివాడేడీ? మాస్టారు క్లాసులో చెప్పినట్టు పైకే చెప్పడం మొదలుపెట్టారు.

"ఎర్రది పడితే ఒకటి. ఆ తర్వాత నల్లది పడితే ఏడు. ఊదావాడికి నల్లది అందదు. అందుకని అందరూ కొట్టాల్సిన తెల్లబంతిని గులాబీ బంతి వెనక దాచేస్తున్నాడు. ఇప్పుడు నారింజవాడు ఏడవాలి."

కోటు తిప్పుకుని నిజంగానే తల పట్టుకున్నారు. హాలంతా గొల్లుమంది. రిఫరీ ఉరిమి చూశాడు గానీ ఎవరూ లెక్కచెయ్యలేదు. కాసేపటికి కుడివైపు కుర్చీలన్నీ నారింజ, ఎడమవైపువన్నీ ఊదా అయిపోయాయి. మా అమ్మ నారింజ. పరుపుల పెద్దాయన ఊదా. "అది తొండి," అని ఆయన, "మీకేం తెలుసండీ, ఊరుకోండి," అని అమ్మ. ఆ మధ్యాహ్నందాకా ఒకరి ముఖం ఒకరికి తెలియదు.

చివరికి నల్లబంతి ఒక్కటే మిగిలింది. ఊదాకు నాలుగు పాయింట్లు ఎక్కువ. నారింజ వంతు. సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని, యూనిఫాం మీదే, రొప్పుతూ డ్రైవరు వచ్చాడు. మాస్టారు నారింజ వైపు పైకి తిప్పి కోటు ఆయనకిచ్చారు. "నీ వంతే. కానివ్వు," అన్నారు. డ్రైవరు పొట్టకు గుండీలు పడలేదు. నా కొలతల తప్పు కాదది.

డ్రైవరు వంగాడు. "మాస్టారూ, ఇప్పుడేం చెయ్యాలి?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. మాస్టారు ఇప్పుడు ఎదుటి జట్టు. నోరు మూసుకుంటే కప్పు ఆయనదే కావచ్చు.

"మెల్లగా తాకితే నల్లది మూల గుంటలో పడుతుంది. గట్టిగా కొట్టాడో, వెనకాలే తెల్లది కూడా పడి తప్పవుతుంది, నేను గెలుస్తాను," అని ఉన్నదున్నట్టు చెప్పేశారు. డ్రైవరు కర్ర మీద పట్టు సడలించడం నేను చూశాను.

నల్లబంతి పడింది లెండి, ముందే చెప్పేస్తున్నాను. పెద్దాయన ఇంకొక్క సీజన్ ఇచ్చాడు, అదీ మాస్టారు మైకు పట్టుకుంటేనేనని షరతు పెట్టి. కొత్త సీజనుకు జట్లు ఇప్పటికి మూడే కుదిరాయి. వచ్చే ఏడు లీగు ఉంటుందో ఊడుతుందో మాకే తెలియదు. నేను చెప్పాలనుకున్నది మాత్రం ఆ బంతి పడకముందు సంగతి.

డ్రైవరు ఇంకా బల్ల మీదికి వంగే ఉన్నాడు. అమ్మ ఒళ్లో ఫోను మోగింది. "ష్, ఎవరండీ?" అని పెద్దాయన వెనక్కి తిరిగి కసిరాడు. తమ్ముడు వచ్చి అమ్మ ముందు నిలబడ్డాడు. వాడి కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

అమ్మ ఫోను చెవి దగ్గర పెట్టుకుని, గొంతు తగ్గించి, "మావాడు రాడు బాబూ. ఇక్కడ నల్లబంతి మిగిలింది, పెట్టేస్తున్నా," అంది.

అమ్మ వాడి నడుం పట్టుకుని పక్కకు నెట్టింది.

"అడ్డు తప్పుకో నాన్నా, బల్ల కనిపించడం లేదు."