సక్రి కష్టం, శ్రావణి నోరు

పినపాక దగ్గర, బీడీలకు వాడే తునికాకు ఆరబెట్టే కల్లంలో పోడు సంఘం మీటింగు. ఆకు సీజను అయిపోయింది కనుక కల్లంలో ఆకు లేదు, జనం ఉన్నారు. అడవి కొట్టి దున్నుకున్న భూమికి పట్టాలు కావాలని ఏళ్లుగా కొట్లాడుతున్న ఆ సంఘం మొదటిసారి పార్లమెంటుకు మనిషిని నిలబెడుతోంది. ఎవరిని నిలబెట్టాలో తేల్చడానికే ఈ మీటింగు. పోటీలో ఇద్దరే. ఒకరు తండా ఆడమనిషి సక్రి. ఇంకొకరు శ్రావణి అనే వకీలు పిల్ల.

ఆ పిల్ల పేరు వింటేనే సక్రికి కడుపు మండిపోతోంది. మండదా మరి? లాఠీ దెబ్బలు తిన్నది సక్రి. కేసులు మోసింది సక్రి. శ్రావణి తండ్రికి కొత్తగూడెం గనిలో ఉద్యోగం, ఉండడానికి క్వార్టరు, ఇంట్లోకే నల్లా. హైదరాబాదులో లా చదివి మొన్నమొన్న సంఘంలోకి వచ్చింది. పస్తు అంటే తెలియని మనిషి పస్తులున్నవాళ్లకు లీడరా? ఇదెక్కడి న్యాయం?

సంఘంలో ఒక పద్ధతి ఉంది. పదవి కావాలనేవాళ్లు తమ గురించి ఒక్క మాట చెప్పుకోకూడదు. పోటీలో ఉన్న ఎదుటి మనిషిలోని మంచినే చెప్పాలి. మగవాళ్లు మైకు పట్టుకుని సొంత డప్పు కొట్టుకుంటుంటే వినలేక ఈ పద్ధతి పెట్టించింది సక్రే. ఇప్పుడు అదే ఆమె గొంతుకు అడ్డం పడింది.

అధ్యక్షుడు భద్రు మైకు ముందుగా సక్రికిచ్చాడు.

"శ్రావణి మంచి పిల్ల. ఇంగ్లీషు దంచి కొడ్తది. చిన్నప్పటి సంది ఫ్యాను కిందనే పెరిగింది, పాపం ఎండ పొడ తెల్వదు. ఢిల్లీల ఏసీ రూముల కూసునుడు ఈమెకు జల్దీ అలవాటైతది."

జనం గొల్లున నవ్వారు.

"గిది పొగుడుడేనా సక్రీ?" అన్నాడు భద్రు.

జైల్లో పడ్డప్పుడు తనకు బెయిలు తెచ్చింది ఈ పిల్లే. ఆ మాట సక్రి నాలుక దాకా వచ్చింది. మింగేసి కూర్చుంది.

శ్రావణి లేచింది. మొహంలో కోపం లేదు. అది చూసి సక్రికి ఇంకా మండింది.

"మన పోడు భూములల్ల కందకాలు తవ్వెటందుకు ఫారెస్టోళ్ల జేసీబీ వచ్చిన దినం సక్రక్క పోయి దాని బకెట్ల కూసున్నది. అది అందరం చెప్పుకుంటం. తర్వాత ఏమైందో చెప్పుకోం. ఒక ఆఫీసరు అక్క ఇంటికొచ్చి, నీ ఒక్కదానికి పట్టా ఇస్తం, జర పక్కకు జరుగు అన్నడు. ఇంట్ల బియ్యం లెవ్వు. అయినా, ఊరందరికిచ్చినంకనే నాకియ్యి అన్నది. మనల శానమందికి పట్టాలొచ్చినయి. అక్కకు ఇయ్యాల్టికీ రాలే. అక్కా, నీకొచ్చిందా అని ఒక్కలమన్న అడిగినమా?"

 ఆడవాళ్లు కొంగులు కళ్లకు అడ్డం పెట్టుకున్నారు. ఇదే సంగతి సక్రి ప్రతి తగాదాలో అరిచి మరీ చెప్పేది. అప్పుడెవరూ తల కూడా ఎత్తలేదు. ఇప్పుడు సక్రికే కన్నీళ్లు ఆగడం లేదు. తన బతుకు ఇంత గొప్పదని ఇంకొకరి నోట వినాల్సి వచ్చిందే అని ఒళ్లు మండిపోయింది.

చేతులెత్తమన్నాడు భద్రు. శ్రావణికి లేచిన చేతులే ఎక్కువ. అందులో ముత్తక్క చెయ్యి కూడా ఉంది. కోయగూడెం ముత్తక్క! సక్రితో కలిసి జైలుకు పోయిన మనిషి.

"నువ్వు గూడనా ముత్తక్కా? జైల్ల ఒక్క కంచంల తిన్నం గదే!"

"అవ్, తిన్నం. నీ కష్టం నాకు తెల్వదా? కని ఢిల్లీకి పోతె నువ్వు నీ కష్టమే చెప్తవు సక్రీ. గా పిల్లయితే నాది గూడ చెప్తది."

 సక్రి ఆకలినీ సక్రి దెబ్బలనూ చెప్పే ఆ పిల్ల ఓట్లు కొట్టేసింది!

మీటింగు అయ్యాక శ్రావణి దగ్గరికొచ్చింది. "అక్కా, ప్రచారానికి నాతోని వస్తవా?"

"రాకేం జేస్త? నా కత చెప్పేటప్పుడు పక్కన నేను లేకపోతె, నాల్గు దినాల్ల అది నీ కతే అయితది."

అని, శ్రావణి కంటే ముందే పోయి జీపు ముందు సీట్లో కూర్చుంది సక్రి.