నూరేళ్ల డిస్కు

బాన్సువాడలో ఫోటో స్టూడియో నడిపే కృపకు, తండ్రి మొక్కజొన్న చేనులో పురికొసకు వేలాడుతున్న డిస్కును చూడగానే ఒళ్లు మండిపోయింది. చిలుకల్ని బెదిరించడానికి పాత సీడీలు కట్టడం అక్కడి రైతులకు అలవాటే. కానీ ఇది వంద జీబీ పట్టే ఖరీదైన బ్లూరే డిస్కు. హైదరాబాదు నుంచి తెప్పించి, హార్డ్‌డిస్కు చచ్చేముందు అందులో మిగిలిందంతా దీనిలోకి ఎక్కించింది.

"స్టూడియోల పాత సీడీలు కుప్పలున్నయి గద బాపు. ఇదే దొరికిందా నీకు?"

తండ్రి ఏసయ్య డిస్కును విప్పుతూ తాపీగా అన్నాడు. "అవి రెండు వానలకే పెచ్చులూడుతున్నయి బిడ్డా. గిది నూరేండ్లు ఉంటదని నువ్వే అంటివి."

"డబ్బాల పెడితే ఉంటది, చేన్ల కడితే కాదు. దాంట్ల అమ్మ పాటలున్నయి. చర్చిల పాడినవన్నీ. ఇంకెక్కడ లెవ్వు."

ఏసయ్య చేతులు ఆగిపోయాయి. భార్య పోయాక ఆ గొంతు ఆయన మళ్లీ వినలేదు. డిస్కు మీద పేరుకున్న దుమ్మును చూశాడు.

"తుడవకు" అని కృప అరిచేలోపే, భుజం మీది తువ్వాలుతో ఇసుకతో సహా గరగరా రుద్దేశాడు.