ఉప్పుకు చప్పుడుండదు

మా వదినను మెచ్చుకోవడం నాకు అలవాటు లేని పని. ఇంట్లో ఆడపడుచుగా, క్యాంటీన్లో కూరగాయలు తరిగే మనిషిగా పొద్దస్తమానం ఆవిడ పక్కనే మసలుతుంటే మెచ్చుకోళ్లకు తీరికెక్కడిది? కానీ మొన్న జరిగింది చూశాక నోరు మూసుకుని కూర్చోవడం నావల్ల కావడం లేదు.

ఆఫీసు క్యాంటీన్లో సలాడ్ కౌంటర్ పద్దెనిమిదేళ్లుగా వదినదే. ముక్కలు నేను తరుగుతాను, వాటి మీద పోసే డ్రెస్సింగ్ ఆవిడ కలుపుతుంది. ఖాళీ జామ్ సీసాలో మూడు వేళ్ల మందం నూనె, ఒక వేలి మందం నిమ్మరసం, చెంచాడు ఆవముద్ద, కాస్త తేనె, దంచిన వెల్లుల్లి రెబ్బ, ఉప్పు, మిరియాల పొడి. మూత బిగించి ఊపడమే. ఇంత సులువు పనికి అంత పేరేమిటని నేను చాలాసార్లు మూతి తిప్పాను. ఒకసారి అవే కొలతలతో ఇంట్లో నేనూ కలిపాను. మా అన్నయ్య ఒక ముక్క తిని, గ్లాసుడు నీళ్లు తాగాడు.

రెండు నెలల కిందట వదినకు జ్వరం వచ్చింది. పోతూ పోతూ అది రుచినీ వాసననూ పట్టుకుపోయింది. కాఫీకీ వేడినీళ్లకూ తేడా తెలియడం లేదని ఆవిడ క్యాంటీన్లో నాకొక్కదానికే చెప్పింది. అప్పటినుంచి రుచి చూసి ఉప్పు సంగతి చెప్పడం నా వంతు. మిగతాదంతా ఆవిడ చెవితోనే కానిస్తుంది. ఊపుతుంటే సీసా మొదట గలగలమంటుంది. నూనె, రసం కలిసిపోయి చిక్కబడ్డాక ఆ చప్పుడు బొంగురుపోతుంది. అప్పుడు ఆపేస్తుంది. వడ్డించేలోపు నూనె విడిపోయి పైకి తేలడం నేనొక్కసారీ చూడలేదు.

ఇలాంటివి ఎన్నాళ్లు దాగుతాయి? కొత్త సూపర్‌వైజర్ చెవిన పడనే పడింది. కొలత చెంచాల గుత్తి జేబులో వేసుకుని తిరుగుతాడని ఆయనకు మేం పెట్టిన పేరు చెంచాల సార్.

"రుచి తెలియకుండా వంటెలా చేస్తారమ్మా? రేపు నా ముందు కలపండి. బాగుంటే సరే, లేకపోతే గిన్నెలు కడిగే వైపు వెళ్దురుగాని" అన్నాడు.

నేను ఒంటికాలి మీద లేచాను.

"మీరు మాత్రం దూరంగా ఉండండి. ఆవిడకు నాలుక మీరేనటగా" అన్నాడు.

గిన్నెలు కడగడం తక్కువ పనేం కాదు. కానీ జ్వరం తర్వాత ఏదీ తినబుద్ధి కాక, గోడవైపు తిరిగి పడుకునే వదినను మళ్లీ లేపి నిలబెట్టింది ఆ కౌంటరే. అదీ పోతే మళ్లీ మంచం పట్టేస్తుందని నా భయం.

మర్నాడు నన్ను తలుపు దగ్గరే ఆపేశారు. వదిన అన్నీ వేసి సీసా ఊపింది, చెవి దగ్గర పెట్టుకుని ఆగింది. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఉప్పుకు చప్పుడుండదే!

నాలుగు కీరా ముక్కల మీద పోసి ఆయన ముందు పెట్టింది. ఆయన ఒకటి నమిలాడు.

"బాగుందమ్మా."

నాకు ప్రాణం లేచొచ్చింది.

"లేదు సార్, ఉప్పు చాల్లేదు" అంది వదిన.

ఈవిడకేమైనా పిచ్చా అనుకున్నాను. వదిన మాత్రం తాపీగా చిటికెడు ఉప్పు వేసి, మళ్లీ ఊపి, ఇంకో ప్లేటు ఇచ్చింది. ఆయన ఒక ముక్క తిన్నాడు. చెయ్యి దానంతటదే రెండో ముక్క మీదికి పోయింది.

"ఇప్పుడు కుదిరింది" అంది వదిన.

"నిజమే, ఇందాక చప్పగానే ఉంది. మొహం మీద చెప్పలేక బాగుందన్నాను. మీకెలా తెలిసింది?"

"రెండుసార్లు నమిలి ఆలోచించారు. బాగుంటే ఎవరూ ఆలోచించరు సార్. ఇన్నేళ్లూ కౌంటర్ వెనక నిలబడి తినేవాళ్ల మొహాలే చూస్తున్నా. నాకున్న నాలుక ఒక్కటే. మొహాలు రోజుకు మూడొందలు."

ఆయన ప్లేటు ఖాళీ చేసి చెయ్యి తుడుచుకున్నాడు. "కౌంటర్ తెరవండమ్మా, పన్నెండవుతోంది."

ఆయన అటు వెళ్లగానే నేను లోపలికొచ్చి విరుచుకుపడ్డాను. "మరి ఇన్నాళ్లూ నన్నెందుకు రుచి చూడమన్నావు?"

"నీ మొహం చూడ్డానికే. నువ్వు నోటితో చెప్పే ఉప్పు నేనెప్పుడు నమ్మాను?"

ఉడుక్కుంటూనే సీసాలో మిగిలిన డ్రెస్సింగ్ ఒక కీరా ముక్కకు అద్దుకుని నోట్లో వేసుకున్నాను. అంత బాగా కలిపిన మనిషికి అదెలా ఉందో ఒక్క పిసరు కూడా తెలియదు కదా అనిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

వదిన గాభరాపడింది. "ఏమైంది అమ్మాయ్, ఆవ ఎక్కువైందా?"

"లేదు వదినా. ఎలా ఉందో చెప్తా, విను. ముందు పులుపు తగుల్తోంది..."

వదిన సీసా కింద పెట్టి, కళ్లు మూసుకుంది.